లెక్కకు వెలకట్టుట: కృష్ణాతీరపు చదువులలో ఒక పాత తగవు

1823వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ చెన్నపట్టణపు రెవెన్యూ బోర్డునకు వ్రాసి పంపిన నివేదికలో ఒక ముచ్చట యున్నది. ఆనాటి దేశీయ పాఠశాలలయందు ప్రాతఃకాలమున అందరికంటె ముందుగా వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతీదేవి నామమును వ్రాయుదురనియు, రెండవవాని చేతిలో సున్న చుట్టుదురనియు, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బయు, నాల్గవవానికి రెండును, ఆపై వచ్చువారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చుచు దెబ్బలును పడుననియు ఆయన వర్ణించెను. రెండవవానికి చిక్కిన సున్న ప్రశంసయు గాదు, నిందయు గాదని ఆయనయే వివరించెను. తెలుగు వీధిబడులలో శ్రీ, చుక్క యను పేర్లతో చిరకాలము నడచిన ఆచారము ఇదియే. మార్కుల చరిత్రను వ్రాయబూనినవాడు విశ్వవిద్యాలయముల శాసనములతో గాక దీనితో మొదలిడుట న్యాయమని నాకు తోచును; ఏలయన, బాలుని విద్యకు గాక వాని రాకకు విలువ కట్టిన ఈ పద్ధతియందలి లోపమెంత స్పష్టమో, ఆ విలువను కట్టినవాడు ప్రతిదినము వాని యెదుట కూర్చుండిన గురువే యను గుణమును అంత స్పష్టము. ఆ గుణము తరువాతి రెండు వందల యేండ్లలో ఎట్లు మాసిపోయినదో, మరల సగము ఎట్లు తిరిగివచ్చినదో, కృష్ణాడెల్టా కళాశాలలలో న్యూమరికల్ మెథడ్స్ అను పేర నేడు బోధింపబడుచున్న గణితభాగమును ఆ రాకపోకలు ఎట్లు తాకినవో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

క్యాంబెల్ నివేదికకు మూలము మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూను 25న వ్రాసిన పత్రము. జిల్లాకెన్ని బడులు, వానిలో చదువువారెందరు, ఏ యే వర్ణములవారు, ఆడపిల్లలెందరు అని కలెక్టర్లనందరను అడిగించి, చేరిన పట్టికలను కూర్చి 1826లో ఆయన తేల్చిన మొత్తము 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు. మచిలీపట్టణపు జిల్లాలో 465, గుంటూరు జిల్లాలో 574 బడులు లెక్కకు వచ్చినవి. కృష్ణకు ఇరుగట్టులనున్న ఈ రెండు జిల్లాలయందే వేయికి మించి బడులుండుట చిన్న సంగతి గాదు. కాని ఆ సంఖ్యను చూచి పరవశించువారు ఆ పట్టికలలోనే ఆడపిల్లల గడులు దాదాపు శూన్యముగా నుండుటను, ఆ యరుగులమీద చోటే దొరకని కులములుండుటను గూడ చూడవలెను.

ఆ బడులలో గణితమనగా ఎక్కములు, వడ్డీలు, కొలతలు. ఇసుకలో వ్రేలితో దిద్దుట, పిమ్మట పలక, ఆపై మసియు జిగురును పూసి ఆరబెట్టిన బట్టమడతలైన కడితము; వ్రాతసాధనము మారిన కొలది లెక్క పెద్దదగుచుండెను. మన పెద్దల భిన్నగణితము నాలుగింటి వరుసన దిగునది. ఒకటిలో నాల్గవవంతు పాతిక, రెండు పాతికలు అర, మూడు ముప్పాతిక. ఆ పాతికలో మరల నాల్గవవంతు వీసము, రెండు వీసములు పరక, మూడైన మువ్వీసము. ధాన్యపు కొలతలోనైనను, భూమి శిస్తులోనైనను కరణము ఇట్లు నాలుగేసి వంతులుగా దించుకొనిపోయి, ఇక దిగుటవలన ఎవరికిని లాభము లేదని తోచినచోట కలము నిలిపెడివాడు. ఎక్కడ నిలుపవలెనో తెలిసికొనుటయే ఆ విద్యలోని సారము. నేటి కళాశాలలలో దశాంశస్థానములు, అనుమతదోషము అని గంభీరనామములతో చెప్పునది ఈ వివేకమునకు శాస్త్రరూపమే గాని వేరుగాదు.

సాయంకాలమున బాలురు వరుసగా నిలిచి ఎక్కములు వల్లించుట, మరునాటి ఉదయమున నిన్నటి పాఠమును పంతులుగారికి అప్పజెప్పుట ఆ బడుల నిత్యకృత్యము. ఇంటిపని యను వేరు మాట అప్పుడు అక్కరలేకపోయెను. ఇంట వల్లెవేసినదే బడిలో అప్పగింత, అప్పగింతయే పరీక్ష, పరీక్షాఫలము అప్పటికప్పుడే గుంజీలుగానో, తొడపాశముగానో, మరీ దుర్మార్గుడైన పంతులు దొరికినచో కోదండముగానో ముట్టుచుండెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు ఆ ఏర్పాటును ఇంగ్లండువారు అనుకరించుట తగియే యున్నదని క్యాంబెల్ మెచ్చుకొనెను. అంతకు మునుపే 1789 ప్రాంతమున చెన్నపట్టణపు ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయమున ఆండ్రూ బెల్ అనుసరించి, 1797లో లండనులో ప్రకటించి, మదరాసు పద్ధతియని పేరు తెచ్చిన బోధనావిధానమును మనస్సులో నుంచుకొనియే ఆయన ఆ మాట వ్రాసియుండును. దెబ్బలను సమర్థించుట నా యభిమతము గాదు. అయినను, బాలుడు పదమూడేళ్ల తొంబదియొకటి యనబోయి తడబడి ఎనుబదియొకటి యన్న క్షణముననే, ఆ తడబాటు మతిమరపో, వరుస తెలియమియో, నిద్రమత్తో పంతులునకు తెలియుచుండెను. తప్పునకు కారణము కనబడుచుండగా తప్పునకు విలువ కట్టుట ఒకటి. కారణము కనబడకుండ, నెలలు గడచిన పిమ్మట, కాగితముమీది గీతను మాత్రము చూచి విలువ కట్టుట వేరొకటి.

తెలుగున లభించు ప్రాచీన గణితగ్రంథమును స్మరింపక ముందుకు సాగుట సమంజసము గాదు. తొమ్మిదవ శతాబ్దమున జైనాచార్యుడైన మహావీరుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దించెను. ఆయనను పండితులు సాధారణముగా పదునొకండవ శతాబ్దమువానిగా పరిగణింతురు. మూలములోని జైనసంప్రదాయపు ఉదాహరణముల స్థానమున శివపరమైన ఉదాహరణములను నిలిపిన ఈ కవి, అనువాదమనగా అక్షరమునకు అక్షరము మార్చుట గాదని ఎరిగిన బుద్ధిశాలి. మహావీరుడు క్షేత్రఫలమును వ్యావహారికమనియు సూక్ష్మమనియు రెండుగా విభజించినాడు. నాలుగు భుజముల పొలమునకు ఎదురెదురు భుజముల సగటులను తీసి ఒకదానితో నొకటి గుణించిన వచ్చునది వ్యావహారికఫలము. వర్గమూలములతో సాధించునది సూక్ష్మఫలము. ఈ వ్యావహారికసూత్రమునకు ఒక చమత్కారమున్నది: దీర్ఘచతురస్రము తప్ప మరి యే చతుర్భుజమునకైనను అది అసలు వైశాల్యముకంటె అధికమునే చూపును గాని ఎన్నడును తక్కువ చూపదు. ఈ సూత్రముతో కొలిచి శిస్తు కట్టినచో నష్టపోవువాడు రైతే యని వేరుగ చెప్పనక్కరలేదు. ఉజ్జాయింపు లెక్కయందు ముఖ్యమైన ప్రశ్న తప్పు ఎంత యనునది మాత్రమే గాదు, తప్పు ఎవరివైపు మొగ్గుననునదియు. ఈ ప్రశ్నను విద్యార్థి చేత అడిగింపని సంఖ్యాగణితబోధ ఎన్ని సూత్రములు నేర్పినను అసంపూర్ణమే.

ఇక ఇంగ్లీషు చదువుల కాలము. 1843లో రాబర్టు నోబుల్ అను కేంబ్రిడ్జి పట్టభద్రుడైన మతాచార్యుడు మచిలీపట్టణమున స్థాపించిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాలయై డెల్టాలో ఉన్నతవిద్యకు మొదటి నెలవయ్యెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడెను. లండను విశ్వవిద్యాలయపు మాదిరిని అనుసరించిన ఆ సంస్థ ఆరంభమున బోధించునది గాదు, పరీక్షించునది మాత్రమే. బోధించువాడొకడు, ప్రశ్నలు కూర్చువాడొకడు, జవాబులు దిద్దువాడొకడు. ఈ ముగ్గురును ఒకరి మొగము నొకరు చూడవలసిన పని లేదు. బందరులో చదివిన బాలుని లెక్క చెన్నపట్టణమున ఎవ్వరో దిద్దుదురు; వాడు ఎట్టివాడో దిద్దువానికి తెలియదు, తెలియరాదు. పక్షపాతమును తొలగించుటకు ఇంతకంటె మంచి ఉపాయము లేదని చెప్పినవారి మాటలో సత్యము లేకపోలేదు. ఊరిలో పెద్దవాని కొడుకునకు శ్రీ వ్రాసి, పాలికాపు కొడుకునకు దెబ్బవేయు పంతులును ఆ పరోక్షపరీక్షకుడు ఒక్క వ్రేటుతో నిరాయుధుని చేసెను. పేరు తెలియని న్యాయము పేరు తెలిసిన దయకంటె పేదవానికి మేలని నమ్మి ఆ పరీక్షలకు కూర్చుండినవారి సంఖ్య ఏటేట హెచ్చుచు వచ్చెను. పత్రికలో నంబరు పడుట యను మాట తెలుగిండ్లలో పుట్టినది అట్టి పరీక్షల వలననే.

నష్టము మరియొక వైపునుండి వచ్చెను. పరీక్షలో అడుగునదే పాఠము, అడుగనిది వ్యర్థము అను సిద్ధాంతము మెల్లమెల్లగా స్థిరపడెను. తరగతులు, ర్యాంకులు ప్రాణప్రదములయ్యెను. గణితమున పట్టభద్రులను ఒకటి, రెండు, మూడు అని వరుసపెట్టి బహిరంగముగ చదువు ఆచారమును కేంబ్రిడ్జివారే 1909తో విరమించిరి. మన దేశమున మాత్రము ఆ వరుస నాటినాటికి బలపడినదే గాని సన్నగిల్లలేదు. ఇంటర్మీడియెటు చదువునకు విజయవాడ ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో రాజధానియైనపుడు, వార్తాపత్రికల మొదటి పుటలలో పిల్లల ఫొటోల ప్రక్కన ర్యాంకుల అంకెలు బెత్తెడు లావున అచ్చగుట చూచినవారికి ఈ సంగతి విశదమే.

పరీక్షాశాలకు వెలుపల, మదరాసు విశ్వవిద్యాలయము పుట్టిన కాలముననే, ఇదే డెల్టాలో సంఖ్యాగణితము మరియొక విధముగ విలువ కట్టబడుచుండెను. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టయు, దానినుండి బయలుదేరిన కాలువలును త్రవ్వినపుడు ఎంత మట్టి తీయవలెనో, ఎంత గట్టు పోయవలెనో ముందుగా లెక్క తేలవలెను. కాలువ యొక్క ఒక కొనయందలి అడ్డుకోతను, రెండవ కొనయందలి దానిని, మధ్యనున్నదానికి నాలుగు రెట్లను కూడి, పొడవుతో గుణించి ఆరింట భాగించు సూత్రమొకటి ఇంజనీర్ల వాడుకలో నున్నది, నేడు బి.టెక్. విద్యార్థులు సింప్సన్ సూత్రమని కంఠస్థము చేయునది ఇదియే. తేడా యొక్కటే. తరగతిలో ఈ సూత్రము తప్పిన రెండు మార్కులు పోవును. కాలువపై తప్పిన కూలీల డబ్బు పోవును, లేదా చివరి పొలమునకు నీరు పోదు. ఆ లెక్కకు పరీక్షకుడు నీరే.

పరీక్షల పట్టునుండి చదువును విడిపింపజూచినవారు డెల్టాలో లేకపోలేదు. వందేమాతరోద్యమపు వేడిలో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్ల ప్రయత్నమున మచిలీపట్టణమున వెలసిన ఆంధ్రజాతీయకళాశాల సర్కారు విశ్వవిద్యాలయముతో నిమిత్తము లేక, చేతిపనులను, కళలను చదువుతో కలిపి నేర్పబూనినది. అడివి బాపిరాజు వంటి కళాకారుడు తరువాత దానికి అధ్యక్షత వహించెను. అక్కడి విద్యార్థికి ఉద్యోగమిప్పించు పట్టా లేదు; అందుచేతనే అది దేశభక్తుల గౌరవమును పొందినంతగా తల్లిదండ్రుల విశ్వాసమును పొందలేకపోయెను. మార్కులను ధిక్కరించుటకు కావలసిన ధైర్యము మార్కులతో బ్రతుకు సంపాదించుకొనవలసిన కుటుంబములకు ఎక్కడినుండి వచ్చును?

1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడ ముఖ్యస్థానముగా ఏర్పడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపకులపతి. బెజవాడలో నున్న నాలుగేండ్లును అది కళాశాలలను కలుపుకొని పరీక్షలు నడపుటకే ముఖ్యముగా పరిమితమై, 1930లో వాల్తేరునకు తరలిన పిమ్మటనే స్వయముగ బోధించు శాఖలను తెరచెను. పరీక్షాధికారము మాత్రము చెన్నపట్టణమునుండి తెలుగునేలకు వచ్చినది. బెజవాడలో 1937లో ఎస్. ఆర్. ఆర్. అండ్ సి. వి. ఆర్. కళాశాలయు, 1954లో ఆంధ్ర లయోలా కళాశాలయు తరగతులు ప్రారంభించినవి. మొదటిదానిలో విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు బోధించిరి గనుక జనులు దానిని సాహిత్యముతో ముడిపెట్టి తలచుకొందురు. అదే గోడల నడుమ గణితపు తరగతులలో కూర్చుండినవారిని స్మరించువారు అరుదు. 1976లో నంబూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయము వచ్చిన పిమ్మట ఈ కళాశాలల పరీక్షలు ఇంటిముంగిటికే వచ్చినవి. 35 మార్కులకు ఉత్తీర్ణత, 60కి ప్రథమశ్రేణి యను గీతలు మాత్రము ఊరు మారినను మారలేదు.

ఆ గీతల నడుమ, క్లార్క్స్ టేబుల్స్ అను సన్నని పుస్తకము డెల్టా విద్యార్థికి చిరకాలము తోడుగా నుండెను. నాలుగు స్థానముల సంవర్గమానములు, జ్యా పట్టికలు నిండిన ఆ పుస్తకమును పట్టుకొనియే ఘాతములు, మూలములు సాధించెడివారు. పట్టికలో రెండు వరుసల నడుమ పడిన విలువను అంతరములతో పూరించుట ఆనాటి విద్యార్థికి చేతనున్న విద్య. ఆ విద్య మనకు క్రొత్తది గాదు. 665లో బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకమున జ్యాపట్టికకు రెండవ అంతరములను సైతము వాడి నడిమి విలువలను తీయు సూత్రమును చెప్పెను, అది న్యూటన్, స్టెర్లింగుల సూత్రమునకు రెండవ అంతరము వరకు సమానము. పాఠ్యగ్రంథములలో రెగులా ఫాల్సి యను లాటిను పేరుతో కనబడు పద్ధతియును లీలావతిలోని ఇష్టకర్మకు దగ్గరి చుట్టమే. బెజవాడ విద్యార్థి ఈ పేర్లను వినకయే పట్టా పుచ్చుకొనుచుండుట పాఠ్యప్రణాళికలు వ్రాసినవారి అశ్రద్ధ తప్ప మరొకటి కాదు.

సంఖ్యాగణితమును తరగతిగదిలో ఎట్లు నేర్పి ఎట్లు దిద్దవలెననుటకు ప్రపంచమున ఒక మంచి మార్గదర్శకమున్నది. 1913లో ఇ. టి. విటేకర్ ఎడింబరోలో గణితప్రయోగశాలను నెలకొల్పి, రసాయనశాలలో ద్రవములను కొలిచినట్లే, విద్యార్థులచేత గడులు గీసిన కాగితములమీద గంటలకొలది లెక్కలు చేయించి, ప్రతి మెట్టునందును సరిచూచుకొను అలవాటు నేర్పెను. ఆ అనుభవమునుండి జి. రాబిన్సన్‌తో కలిసి 1924లో వ్రాసిన గ్రంథము చాలకాలము ప్రామాణికముగా నిలిచినది. అక్కడ దినదినము చేసిన పనియే చదువు. మన కళాశాలలలో అదే విషయము మూడుగంటల వ్రాతపరీక్షలో ఒక ప్రశ్నగా కుదించుకొనిపోయినది.

1977లో కానూరున వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైన నాటినుండి డెల్టాలో ఇంజనీరింగు విద్య విస్తరించి, ఆ శాఖతోపాటు న్యూమరికల్ మెథడ్స్‌ను చదువువారి సంఖ్యయు పెరిగినది. ఎస్. ఎస్. శాస్త్రిగారి గ్రంథము, గ్రేవాల్‌గారి లావుపాటి పుస్తకము, ఆపైన ఏలూరు రోడ్డు అంగళ్లలో దొరకు ఆల్ ఇన్ వన్‌లు వారికి ఆధారము. ఈ పుస్తకములన్నిటను తరతరములుగా కదలక కూర్చున్న సమీకరణమొకటి కలదు: ఎక్స్ ఘనమునుండి ఎక్స్‌ను, ఒకటిని తీసివేసిన సున్న యగునట్లు ఎక్స్ విలువను కనుగొనుమనుట. మూలము ఒకటికిని రెండునకును నడుమ నున్నది. సగమునకు సగముగా విరుచుకొనుచు పోయినచో 1.5, 1.25, 1.375, 1.3125 అని నత్తనడకతో సాగును. న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో 1.5తో మొదలిడినచో 1.3478, 1.3252, 1.3247 అని మూడడుగులలో గమ్యము చేరును.

ఇపుడొక విద్యార్థి మొదటి మెట్టులో భాగహారము తప్పి 1.3478కి మారుగా 1.38 వ్రాసెననుకొందము. వాడు అక్కడినుండి మిగిలిన మెట్లు సరిగానే చేసినయెడల 1.3274 వచ్చును, దాని పిమ్మట 1.3247 వచ్చును. మెట్టొకటి తప్పెనే గాని గమ్యము తప్పలేదు. ఈ పద్ధతి యొక్క మహిమ ఇదియే: నడుమ దొరలిన తప్పును తానే దిద్దుకొనును. ఈ జవాబుపత్రము స్పాట్ వాల్యుయేషన్ శిబిరములో, కట్టలకొలది పత్రములు ముందర పెట్టుకొనిన అధ్యాపకుని చేతికి వచ్చెననుకొనుడు. ఆయన చేతిలోని కీ ప్రకారము మొదటి మెట్టున 1.3478 యుండవలెను. స్టెప్ మార్కులు కోయుట సులభము, న్యాయము కూడ. చివరి జవాబు సరియైనది గనుక అన్నియు వేయుట సులభము, న్యాయము కూడ. కాని విద్యార్థి తన తప్పును తానెరిగి, పద్ధతి దానిని సరిదిద్దునని నమ్మి ముందుకు సాగెనా, లేక తప్పినట్లే తెలియక అదృష్టవశమున ఒడ్డు చేరెనా యనునది కీలోను లేదు, పత్రములోను లేదు. మొదటివాడు ఈ శాస్త్రమున పండితుడు. రెండవవానికి ఇంకను దాని తలుపు తెరచుకొనలేదు. ఇద్దరికిని సమానముగ మార్కులు వేయక తప్పని పరీక్ష తన పని తాను చేయుచున్నదని నేననలేను. ఈ భేదము తెలియగల చోటు ఒక్కటే: వారమువారము విద్యార్థి చేసితెచ్చిన లెక్కలను ముందర పెట్టుకొని, ఇక్కడ ఏల ఆగితివి, దీనిని ఏల నమ్మితివి అని అధ్యాపకుడు అడుగగల తరగతిగది.

దినదినము చేయు ఆ పనికి ఇటీవలి నిబంధనలు ఎంత తూకము నిచ్చినవో చూడుడు. 2008లో ప్రత్యేకసంస్థయైన కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆర్-20 నియమావళిలో, ఆ విశ్వవిద్యాలయమునకు అనుబంధించిన డెల్టా కళాశాలల విద్యార్థికి నూరు మార్కులలో 70 తుదిపరీక్షకు, 30 ఇంటర్నల్స్‌కు కేటాయింపబడినవి. ఆ 30లో వ్రాతకు 15, బిట్లకు 10, అసైన్‌మెంటునకు 5. సెమిస్టరు నడుమ పెట్టు మిడ్ పరీక్షలు రెండు, మంచిదానికి నూటికి 80, రెండవదానికి 20 పాళ్ళు. ఒకదానిలో 26, మరియొకదానిలో 11 వచ్చినవానికి మామూలు సగటు 18½ కావలసియుండగా ఈ లెక్కన 23 దక్కును. భారమిచ్చి సగటు తీయుటకు విద్యార్థికి ఇంతకంటె ప్రియమైన ఉదాహరణము దొరకదు. ఉత్తీర్ణతకు తుదిపరీక్షలో 35 శాతము, మొత్తముమీద 40 శాతము కావలసియుండెను. 70కి 35 శాతమనగా 24½. ఆ అర మార్కును ఎటు సవరింపవలెననునది బ్యాక్‌లాగులున్న విద్యార్థికి ఏ సంఖ్యాగణితగ్రంథముకంటెను శ్రద్ధగా ఆలోచింపదగిన సమస్య.

ఇంటిపనికి నూటికి అయిదు! అరుగుబడిలో సర్వస్వమై యుండిన అప్పగింత నేడు ఇరువదవ వంతునకు దిగినది. అధ్యాపకుని తిరిగి న్యాయపీఠముపై కూర్చుండబెట్టితిమని చెప్పుచునే ఆయన చేతికి పూర్తిగ ఇచ్చినది ఆ అయిదే. ఆ అయిదింటినైనను విచక్షణతో వేయుటకు చాలచోట్ల ఆయనకు వ్యవధి లేదు. అరువదిమంది తరగతిలో ఒకడు చేసిన అసైన్‌మెంటును మిగిలినవారు ఎత్తి వ్రాసిన, అందరి పుస్తకములలోను ఒకే చోట ఒకే అంకె తప్పియుండుట చూచి నవ్వుకొనని గణితాధ్యాపకుడుండడు. కొందరు దీనికొక విరుగుడు కనిపెట్టిరి: విద్యార్థి హాజరు సంఖ్య యొక్క చివరి అంకెలను సమీకరణములో చేర్చి, ఎవరి లెక్క వారిదే యగునట్లు చేయుట. పద్ధతి యొకటే, జవాబులు అరువది. ఒకరి పుస్తకము మరియొకరికి చూపుట వలన ఉపకారమే గాని చౌర్యము సాగదు. మార్గము చెప్పుకొందురు, అంకెలు ఎవరివి వారు వేసికొందురు. దిద్దువానికి మాత్రము శ్రమ అరువది రెట్లు. ఆ శ్రమను తప్పించుటకు చిన్న ప్రోగ్రాము వ్రాసి జవాబులన్నియు ముందుగ తీసియుంచుకొనువారును కలరు. సంఖ్యాపద్ధతులు బోధించువాడు తన పనికి సంఖ్యాపద్ధతులనే వాడుకొనుటకంటె ముచ్చట యేమున్నది?

డిగ్రీ కళాశాలలలో సంగతి కొంత వేరు. 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడుటతో జిల్లా కళాశాలలు నాగార్జున నుండి దానికి మారినవి. అంతకు మునుపే 1988లో స్వయంప్రతిపత్తి పొందిన ఆంధ్ర లయోలా వంటి కళాశాలలు ప్రశ్నపత్రములు కూర్చుట, దిద్దుట తామే చేసికొనసాగినవి. బోధించువాడే పరీక్షించుట యను పాతపద్ధతి ఈ ద్వారమున కొంత తిరిగివచ్చినది. 2015 నుండి విశ్వవిద్యాలయ నిధులసంఘము సూచించిన పదిపాయింట్ల కొలమానము ప్రకారము మార్కుల స్థానమున అక్షరములు వచ్చినవి: ఓ అనిన పది, ఏ ప్లస్ అనిన తొమ్మిది, దిగువకు పోగా పి అనిన నాలుగు, ఎఫ్ అనిన సున్న. తొంబదియొకటికిని తొంబదితొమ్మిదికిని ఒకే యక్షరము వచ్చుట కొందరికి అన్యాయముగ తోచును. ఒకే జవాబుపత్రమును ఇద్దరు దిద్దిన అయిదారు మార్కుల భేదము వచ్చుట అందరెరిగినదే. అంత దోషమున్న కొలతను ఏకాంకము వరకు చదివి ర్యాంకులు వేయుటకంటె, నమ్మదగినంత వరకే చూపి నిలిచిన అక్షరము శాస్త్రసమ్మతము. అయినను తల్లిదండ్రులు ఆ అక్షరమును మరల శాతముగా మార్చుమని అడుగుదురు, ఉద్యోగమిచ్చువారు అడుగుదురు, కళాశాలలు మార్చి వ్రాసియిత్తురు.

తుదిపరీక్ష ఫలితములపై అసంతృప్తి కలిగిన విద్యార్థి రుసుము చెల్లించి రీకౌంటింగో, రీవాల్యుయేషనో కోరవచ్చును. పత్రము మరియొక పరీక్షకునికి పోవును, మార్కులు హెచ్చవచ్చును. అది డెబ్బదిమార్కులకు మాత్రమే. అసైన్‌మెంటు మీది అయిదింటికి అట్టి అప్పీలు లేదు. ఆ పుస్తకములు ఏ విశ్వవిద్యాలయమునకును చేరవు, సెమిస్టరు ముగిసిన పిమ్మట కళాశాల గదులలో కొంతకాలముండి పాతకాగితములవానికి పోవును.